పెన్‌గంగ ఒడ్డున మంద కావలి కుక్క పెంపకం: ఒక కేసు వివరణ

ఆదిలాబాద్ జిల్లా భీంపూర్ మండలంలో పెన్‌గంగకు ఇవతలి ఒడ్డున ఉన్న ఒక ఊరిలో, తరతరాలుగా గొర్రెలు కాస్తున్న ఒక కురుమ కుటుంబం తమ మందకు కావలి కుక్కను పిల్లనాటి నుంచి పెంచిన తీరును, అందులో పశువైద్యుడిగా నేను చేసిన పనిని ఇక్కడ నమోదు చేస్తున్నాను. నది అవతల మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా. అక్కడి తిప్పేశ్వర్ అభయారణ్యం నుంచి పులులు నది దాటి ఈ మండలంలోకి రావడం కొన్నేళ్లుగా అందరికీ తెలిసిన సంగతే. మందలో వందకు కొంచెం తక్కువగా గొర్రెలు, వాటితో పాటు కొన్ని మేకలు ఉండేవి. పగలు గుట్ట వాలులోనూ పంట తీసిన చేలలోనూ మేపేవారు. రాత్రి ఊరికి ఎడంగా ఉన్న తడికల దొడ్డిలోనో, ఎరువు కోసం ఏ రైతైనా మంద పెట్టమని పిలిస్తే ఆ చేనులోనో మకాం వేసేవారు.

నష్టం ఎవరి వల్ల

కాపరి మొదట నా దగ్గరకు వచ్చినది అటవీశాఖ పరిహారానికి కావలసిన ధ్రువపత్రం కోసం. వరుసగా రెండు చలికాలాలు ఈతకాలంలో పిల్లలు, ఒకటి రెండు చూడి గొర్రెలు రాత్రిపూట చనిపోయాయి. తోడేళ్లే తిన్నాయని ఆయన గట్టిగా చెప్పాడు. అడవి జంతువు చంపితే పరిహారం అడగవచ్చు, ఊరకుక్క చంపితే అడిగేందుకు దారి లేదు గనుక ప్రతి కాపరీ తోడేలునో చిరుతనో చెప్పడంలో వింత లేదు. అయితే కావలి కుక్కను పెంచాలనుకున్నప్పుడు అది ఎవరిని ఎదుర్కోవాలో ముందుగా తేలాలి.

చనిపోయిన గొర్రెను పైపైన చూసి కాటు ఎవరిదో చెప్పడం కష్టం, ఎందుకంటే ఉన్ని గాయాన్ని కప్పేస్తుంది. మెడ నుంచి తొడల వరకు చర్మం ఒలిచి లోపలి వైపు తిప్పి చూడాలి. ప్రాణం ఉండగా పడిన కాటు చుట్టూ రక్తం కమిలి నల్లబడి ఉంటుంది. చచ్చిన తరువాత నక్కో గద్దో పీకిన చోట ఆ కమిలిన గుర్తు ఉండదు. చిరుత చంపినదైతే సాధారణంగా గొంతు మీదనో మెడ వెనుకనో లోతైన కోరల గుర్తులు కొద్దిగానే కనబడతాయి. ఈ మందలో నేను ఒలిచి చూసిన జీవాలకు వెనుక తొడలు, తోక మొదలు, చెవులు, డొక్కల మీద ఒక వరుస లేని చిన్న కాట్లు ఎన్నో ఉన్నాయి. తిన్నది తక్కువ, చీల్చి వదిలేసినది ఎక్కువ. పక్కనే కుంటుతూ నిలబడిన గొర్రెలకూ అవే గాయాలు. ఇది గుంపుగా తిరిగే ఊరకుక్కల పని. ధ్రువపత్రం ఇవ్వలేనని చెప్పినందుకు కాపరి నొచ్చుకున్నాడు గానీ, కావలి కుక్క మాట ఎత్తడానికి అదే సందర్భమైంది. ఊరకుక్కలనూ నక్కలనూ దూరంగా ఉంచడం మంచి కావలి కుక్క చేయగలిగిన పని. పులిని ఆపమని దాన్ని అడగలేము.

పిల్ల ఎంపిక

కాపరి కొడుకు నాగ్‌పూర్ వెళ్లి జర్మన్ షెపర్డ్ పిల్లను కొనుక్కు వస్తానన్నాడు. ఈ కోరిక నాకు చాలా ఇళ్లలో ఎదురవుతుంది, ప్రతిసారీ వద్దనే చెబుతాను. జర్మన్ షెపర్డ్, బోర్డర్ కోలీ వంటివి మందను తోలడానికి తీర్చిన జాతులు. చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం అనే వేట తొలి మెట్లు వాటిలో బలంగా ఉంటాయి. తోలే పనికి అవే పెట్టుబడి. కావలి పనికి ఆ వేట గుణాలు ఎంత మందంగా ఉంటే అంత మంచిది, ఎందుకంటే కావలి కుక్క రోజంతా గొర్రెల మధ్య ఉండి కూడా వాటిని తరమకూడదు. ఇటలీ మరెమ్మా, టర్కీ కంగల్, పిరనీస్ పర్వతాల పెద్ద తెల్ల కుక్కలు, మన హిమాలయాల్లో గద్దీ కాపరులు ముళ్ల ఇనుప పట్టీ కట్టి తిప్పే కుక్కలు ఈ రెండో కోవకు చెందినవి. నమీబియాలో చీతా కన్జర్వేషన్ ఫండ్ 1994 నుంచి టర్కీ జాతి పిల్లలను రైతులకు ఇస్తూ వచ్చింది. అయితే అక్కడ వెనుక ఒక సంస్థ నిలబడి కుక్క బాగోగులు చూస్తుంది. జొన్న గట్క మీద నడిచే కురుమ ఇంటికి అంత భారీ కుక్కను సాకడం తలకు మించిన పని, దానికి తోడు మే నెలలో ఇక్కడి ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. బోట్స్వానాలో స్థానిక త్స్వానా నాటు కుక్కలనే ఈ పనికి వాడుతున్నారు. మన కాపరులకు సరిపోయే దారి అదే అని నా అభిప్రాయం.

నది అవతల పాండర్‌కవడ వైపు ధన్‌గర్ కాపరులతో ఈ కుటుంబానికి పాత పరిచయం ఉంది. వాళ్ల మందలో ఈనిన ఒక నాటు కుక్క పిల్లలను చూసి వచ్చాము. పిల్లల కన్నా ముందు తల్లిని చూడాలని నేను పట్టుబట్టాను. మేత నుంచి మంద తిరిగి వచ్చేటప్పుడు ఆ తల్లి కుక్క గొర్రెల కాళ్ల సందుల్లో నుంచి తల దించుకుని నడిచి వచ్చింది. ఒక్క గొర్రె కూడా బెదిరి పక్కకు జరగలేదు. కుక్క గుణం తెలుసుకోవడానికి గొర్రెలు బెదరకపోవడం కన్నా మంచి సాక్ష్యం లేదు. పిల్లల్లో అన్నిటికన్నా దూకుడుగా ఉన్నదాన్నీ, మూలకు నక్కిన దాన్నీ వదిలి, కొత్తవాళ్లను చూసి కాసేపు ఆగి తరువాత దగ్గరకు వచ్చిన దుమ్ము రంగు ఆడపిల్లను ఎంచుకున్నాము. ఇంట్లో వాళ్లు దానికి భూరి అని పేరు పెట్టారు.

దొడ్డిలో మొదటి నెలలు

కుక్కపిల్ల ఎవరిని తనవాళ్లుగా ఎంచుతుందో సుమారు 3వ వారం నుంచి 12వ వారం మధ్యలో చాలావరకు స్థిరపడుతుంది. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే పరిశోధకులు ఎన్నో ఏళ్లు కుక్కపిల్లలను పెంచి చూసి 1965లో ప్రకటించిన ఫలితాల్లో ముఖ్యమైనది ఇది. కాపరులకు ఇది అంతకు ముందే తెలుసు: 1833లో ఉరుగ్వే మైదానాల్లో తిరిగిన చార్లెస్ డార్విన్, అక్కడి వాళ్లు కుక్కపిల్లను చిన్ననాడే తల్లి నుంచి విడదీసి, రోజుకు మూడు నాలుగు సార్లు గొర్రె పాలు కుడిపించి, దొడ్డిలోనే ఉన్నితో గూడు కట్టి పెంచుతారని, మిగతా కుక్కలతోనూ ఇంటి పిల్లలతోనూ కలవనివ్వరని రాశాడు. భూరిని మేము తల్లి దగ్గర ఏడు వారాలు దాటే దాకా ఉంచాము. తోబుట్టువుల మధ్య ఉండగానే పిల్ల తన పంటి కాటు ఎంత నొప్పి పుట్టిస్తుందో నేర్చుకుంటుంది గనుక మరీ పసికూనను తేవడం నాకు ఇష్టం లేదు. అలాగని ఇంకో నెల ఆగితే గొర్రెలతో కలిసే వయసు చేతులారా పోగొట్టుకున్నట్టే.

పిల్ల వచ్చినది నాగోబా జాతర రోజుల్లో, అంటే ఆదిలాబాద్ చలి ముదిరిన పుష్యంలో. దొడ్డిలో ఒక మూలను తడికతో వేరు చేసి, నెల దాటిన గొర్రెపిల్లలను, నెమ్మది గల రెండు ముసలి గొర్రెలను దానితో ఉంచాము. పాలిచ్చే బాలెంత గొర్రెలను ఆ మూలలో పెట్టలేదు; అవి కుక్కపిల్లను కుమ్మి చంపినా ఆశ్చర్యం లేదు. తడిక కింద కుక్కపిల్ల మాత్రమే దూరగలిగిన సందు ఒకటి వదిలి, దాని వెనుక పాత గొంగడి, తిండి గిన్నె పెట్టించాను. మొదటి రెండు రోజులు ముసలి గొర్రెలు కాలు నేలకు కొట్టి బెదిరించాయి. పిల్ల వెల్లకిలా పడుకుని పొట్ట చూపించేది. ఆ వారం చివర నేను వెళ్లేసరికి అది ఒక గొర్రెపిల్ల మూతి నాకుతూ ఉంది. గొర్రెపిల్ల నెమరు ఆపకుండా కళ్లు సగం మూసుకుని నిలబడింది. చలికి రాత్రిళ్లు గొంగడిని వదిలి గొర్రెపిల్లల నడుమ ముడుచుకుని పడుకోవడం మొదలైన తరువాత గూడు అవసరం తగ్గిపోయింది.

మనుషులతో ఎంత చనువు ఉండాలన్న దానిపై కాపరుల్లో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. అసలు ముట్టకూడదనే పాత పద్ధతి వల్ల కుక్క పెద్దదైన తరువాత సూది వేయడానికైనా చేతికి చిక్కదు. మరీ ముద్దు చేస్తే మందను వదిలి వంటింటి గడప దగ్గర కూర్చుంటుంది. కాపరి, ఆయన భార్య రోజూ కాసేపు చెవులు, నోరు, కాలివేళ్ల సందులు తడిమి చూడాలని, తాడుకు కట్టడం, పిలిస్తే రావడం అలవాటు చేయాలని, ఆట మాత్రం ఆడవద్దని చెప్పాను. తిండి ఎప్పుడూ దొడ్డిలోనే. ఇంట్లో చిన్నపిల్లలకు ఈ కట్టడి నచ్చలేదు, అవ్వ చూడనప్పుడు రొట్టె ముక్కలు విసిరేవారు.

తిండి విషయం తేలికగా తీసుకోకూడదు. గట్క, మజ్జిగలతో పెరిగే పిల్లకు మాంసకృత్తులు చాలవు, ఆకలితో పెరిగిన కుక్క ఎలుకల వెంటా కుందేళ్ల వెంటా పోయి మందను మరిచిపోతుంది. ఉడికించిన గుడ్లు, కోళ్ల దుకాణంలో మిగిలే ముక్కలను ఉడికించి గట్కలో కలపడం వాళ్ల స్తోమతకు అందింది. పచ్చి గొర్రె తల, పేగులు మాత్రం పెట్టవద్దని ఖచ్చితంగా చెప్పాను. కారణం కింద వస్తుంది.

టీకాలు, నట్టల మందు

కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో, డిస్టెంపర్ రోగాలకు కలిపి వేసే టీకా 8 వారాల వయసులో మొదలుపెట్టి, నాలుగేసి వారాల ఎడంతో 16 వారాలకు ముగించాము. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తరువాత బూస్టర్, అక్కడి నుంచి ఏటా ఒకటి. టీకాలు పూర్తి అయ్యేదాకా పిల్లను బయట తిప్పకూడదని పట్నం డాక్టర్లు చెప్పే మాట ఇక్కడ అడ్డం రాదు. పార్వో సోకేది కుక్కల నుంచి, వాటి మలం నుంచి. గొర్రెల నుంచి సోకదు. ఊరకుక్కలు రాని దొడ్డిలో గొర్రెల మధ్య ఉంచడం వల్ల అలవాటూ అవుతుంది, రోగమూ దూరంగా ఉంటుంది. నక్కలతో, ఊరకుక్కలతో తలపడే కుక్కకు రేబిస్ టీకా ఒక్క ఏడాది కూడా తప్పకూడదు.

కాపరులు పెద్దగా పట్టించుకోనిది బద్దె పురుగుల సంగతి. గొర్రె తలను ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయే జబ్బు ఈ ప్రాంతపు ప్రతి మందకూ తెలుసు. కుక్క పేగులో ఉండే ఒక బద్దె పురుగు గుడ్లు మలంతో గడ్డి మీద పడి, ఆ గడ్డిని మేసిన గొర్రె మెదడులో నీటితిత్తిగా పెరగడమే ఆ జబ్బు. ఆ గొర్రె చచ్చాక తలను పగలగొట్టి కుక్కకు వేస్తే తిత్తిలోని పురుగు తలలు మళ్లీ కుక్కలోకి చేరతాయి. కాలేయంలోనూ ఊపిరితిత్తుల్లోనూ నీటితిత్తులు పుట్టించే మరో బద్దె పురుగు మనిషికి కూడా సోకుతుంది. అందువల్ల ఆరు వారాలకొకసారి కిలో శరీర బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ప్రాజిక్వాంటెల్ అనే నట్టల మందు ఇవ్వాలని, చచ్చిన గొర్రెలను లోతుగా పూడ్చాలని నియమం పెట్టాను. నట్టల మందు లేకుండా కావలి కుక్కను పెంచడమంటే తోడేలును వెళ్లగొట్టి దొడ్డిలోకి రోగాన్ని పిలవడమే.

ఐదో నెల నుంచి పదో నెల దాకా

కేసు అంతటిలోనూ కష్టమైన భాగం ఇదే, ఎక్కువ మంది కాపరులు కుక్కను వదిలేసేదీ ఈ వయసులోనే. ఐదో నెల దాటాక భూరి సాయంత్రం మంద దొడ్డి చేరే వేళ గొర్రెపిల్లలను తరమడం, ఉన్ని పట్టి లాగడం మొదలుపెట్టింది. వేసవి ముగిసేలోగా ఒక పిల్ల చెవి అంచు చిరిగింది. కాపరి కబురు పెట్టి పిలిపించి, "సారు, కావలి కాస్తదని తెస్తే గొర్రెలకే మిత్తి అయితున్నది. దీన్ని మళ్ల నది దాటిస్త" అన్నాడు. "కాకా, వానకాలం పోయేదాకా ఆగు. అప్పటికీ మారకుంటే దీనికి నేనే వేరే ఇల్లు చూస్తా" అన్నాను.

ఆటకూ వేటకూ తేడాను కళ్లతో చూడకుండా తీర్పు చెప్పకూడదు. నేను దొడ్డి పక్కన కూర్చుని చూసినప్పుడు అది ముందు కాళ్లు చాచి, పిర్ర ఎత్తి, తోక ఊపుతూ గొర్రెపిల్లను కవ్వించేది. గొర్రెపిల్ల పరుగెత్తితే వెంటపడేది, ఆగితే తానూ ఆగిపోయేది. పంటి పట్టు చెవికీ ఉన్నికీ మాత్రమే, గొంతుకు కాదు. తల దించి, చప్పుడు లేకుండా, చూపు కదల్చకుండా పొంచి రావడం ఒక్కసారి కూడా కనిపించలేదు. అది కనిపించి ఉంటే నేనే కుక్కను మంద నుంచి తీసేయమని చెప్పేవాడిని. ఇది ఈడు కుక్క ఆట. తోటి కుక్కలు లేవు గనుక గొర్రెపిల్లలతో ఆడుతున్నది. అయినా ఆటలోనే గొర్రెపిల్ల చావగలదు, తరమడంలో రుచి మరిగితే ఆ అలవాటు పోదు. కాబట్టి పెద్దయితే అదే మానుతుందిలే అని ఊరుకోవడానికి వీలులేదు.

మొదట గొర్రెపిల్లలను దాని నుంచి వేరు చేసి, దాన్ని విత్తన పొట్టేళ్లు, ముదురు గొర్రెలు ఉన్న గుంపులోకి మార్చాము. పొట్టేలు పరుగెత్తదు, ఎదురు తిరిగి ఒక్క పోటు పొడుస్తుంది. మనిషి కర్ర చేయలేని చదువు ఆ పోటు చెబుతుంది. మేతకు వెళ్లేటప్పుడు మెడపట్టీకి పొట్టి గొలుసుతో గుదికర్ర కట్టించాను. మూరెడు కట్టె అడ్డంగా వేలాడి, నడిస్తే ఊరికే ఊగాలి, పరుగెత్తితే ముందు మోకాళ్లకు తగలాలి. మోకాళ్ల కిందికి జారితే కాళ్లకు చిక్కుకుంటుంది, మరీ పైకి ఉంటే ఫలితం ఉండదు. పొదల్లోకి పోయే చోట, రాత్రి పడుకునేటప్పుడు దాన్ని విప్పేయాలి. కాపరి తన అలవాటు కొద్దీ బరువైన తుమ్మ కట్టె తెచ్చాడు, దాన్ని మార్పించి తేలికైనది కట్టించాను. తప్పు చేస్తున్న క్షణంలోనే గట్టిగా అదిలించాలి, కాసేపయ్యాక కొడితే ఎందుకు కొట్టారో కుక్కకు అర్థం కాదు, కొట్టిన మనిషి మీద భయం మాత్రమే మిగులుతుంది.

ఇంకో చిక్కు తిండి గిన్నె దగ్గర వచ్చింది. గట్క వాసనకు గొర్రెలు మూతి పెడితే భూరి గుర్రుమని పళ్లు చూపేది. తన గిన్నె తాను కాపాడుకోవడంలో తప్పు లేదు, కానీ ఆ కోపం గొర్రెల మీదికి మళ్లకూడదు. చిన్ననాటి తడిక సందునే పెద్దది చేసి, గొర్రె దూరలేని చోట గిన్నె పెట్టించాము. ఆ గొడవ అంతటితో తీరింది.

వానకాలంలో పత్తి, సోయా చేలు పచ్చబడి మేత గుట్టకే పరిమితమైనప్పుడు, రోజంతా మందతో నడిచి అలిసిపోవడం దానికి మేలు చేసింది. దసరా నాటికి గుదికర్ర తీసినా తరమడం లేదు. ఒక రోజు కుంటుతూ వెనుకబడిన గొర్రె పక్కన అది కూర్చుండిపోవడం చూసి, నది దాటించే మాట కాపరే మానేశాడు.

ఎద, ఈత

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ భూరికి ఏడో నెలలో చేయిద్దామన్నాను. ఒక ఈత పిల్లలను చూశాక చేయిద్దామని కాపరి కుటుంబం పట్టుబట్టింది. నిర్ణయం వాళ్లది. కార్తీకం ముందు ఎదకు వచ్చినప్పుడు ఊరి మగకుక్కలన్నీ దొడ్డి చుట్టూ చేరాయి. భూరిని ఇంటి దగ్గర కట్టేయవలసి వచ్చింది, కావలి లేని ఆ రాత్రుల్లో మగకుక్కలే ఒక గొర్రెను కరిచాయి. ఆ తరువాత వాళ్లే ఆపరేషన్‌కు తీసుకొచ్చారు. మంద కాసే ఆడకుక్కకు ఆపరేషన్ చేయించాలన్న నా మాట ఈ అనుభవంతో మరింత గట్టిపడింది.

వెంటనే గొర్రెల ఈతలు మొదలయ్యాయి. మాయ వాసనకు కుక్క బాలెంత గొర్రె దగ్గరకు చేరుతుంది, ఆ గొర్రె కుమ్ముతుంది, ఆ తొక్కిసలాటలో తడి ఆరని పిల్ల నలిగిపోతుంది. మొదటి కొన్ని ఈతలప్పుడు భూరిని తడిక అవతల తాడుకు కట్టి, చూడనిచ్చి, అందనివ్వలేదు. మాయలను వెంటనే పూడ్పించాము. పిల్ల లేచి పాలు తాగిన తరువాత, కాపరి పక్కన ఉండగా తాడుతోనే దగ్గరకు తెచ్చేవారు. అది చెవులు వెనక్కి వాల్చి, పక్కచూపులు చూస్తూ, గొర్రెకు ఒక బారెడు దూరంలో పడుకునేది. ఈతకాలం సగం గడిచేసరికి తాడు అవసరం లేకపోయింది.

రెండో ఏడు

అమెరికాలోని హాంప్‌షైర్ కాలేజీలో 1970ల చివరి నుంచి ఈ కుక్కలపై పనిచేసిన రేమండ్, లోర్నా కాపింజర్ దంపతులు కావలి కుక్కలో మూడు గుణాలు చూడాలన్నారు: మందను అంటిపెట్టుకోవడం, మందకు హాని చేయకపోవడం, మందను కాయడం. మొదటి రెండూ కుదిరితే మూడోది వయసుతో పాటు వస్తుంది. భూరి విషయంలో అలాగే జరిగింది. ఏడాదిన్నర వయసులో దాని గొంతు మారింది, రాత్రి దొడ్డి పక్క మట్టిదిబ్బ ఎక్కి చుట్టూ మొరగడం, చప్పుడు వచ్చిన దిక్కుకూ గొర్రెలకూ మధ్యలో నిలబడడం ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. కరవమని దాన్ని ఎవరి మీదికీ ఉసిగొల్పవద్దని ముందే చెప్పి ఉంచాను. కావలి కుక్క చేసే పనిలో ఎక్కువ భాగం మొరుగు, నిలబడే తీరు, మూత్రంతో పెట్టే హద్దులు. కొట్లాట ఎప్పుడో తప్పనప్పుడే. ఆ చలికాలంలో రాత్రి దొడ్డిలో ఒక్క జీవం కూడా పోలేదు. పగటి మేతలో మాత్రం, మంద రెండుగా చీలిపోయిన రోజున, కుక్క లేని వైపు ఒక పిల్లను నక్క ఎత్తుకుపోయింది.

పులి సంగతి వేరు. నది ఒడ్డు పొదల దగ్గర ఒకసారి భూరి వెన్ను మీది బొచ్చు నిక్కించి, మొరగకుండా, కాపరి కాళ్ల దగ్గరకు వచ్చేసింది. ఆయన మందను వెనక్కి తిప్పాడు. మర్నాడు ఆ ఇసుకలో పులి అడుగులు కనిపించాయి. కుక్క పారిపోయి వచ్చిందని ఊళ్లో నవ్వినవాళ్లున్నారు. ఎదురు వెళ్లి ఉంటే కుక్కా పోయేది, మందా చెదిరేది. పులి తిరిగే చోటికి మందను తీసుకెళ్లకపోవడం, రాత్రి మనిషి దొడ్డి దగ్గరే పడుకోవడం, నెగడు వేయడం వంటివి కుక్క ఉన్నా మానకూడదు. చచ్చిన జీవంలో పత్తి మందు పోసి పెట్టడం చట్టప్రకారం నేరం, ఆ విషానికి మొదట బలయ్యేదీ కావలి కుక్కే.

ఒంటరి కుక్క రాత్రంతా మేలుకోలేదు, గుంపును ఎదుర్కోలేదు. ఈ పుష్యంలో అదే ధన్‌గర్ మంద నుంచి ఒక మగపిల్లను తెచ్చి, అదే తడిక మూలలో పెంచుతున్నారు. భూరిని చూసి దొడ్డి పద్ధతులు తొందరగానే నేర్చింది, సాయంత్రం మొరుగుకు గొంతు కలుపుతోంది. బండి మీద వచ్చే వాళ్ల వెంట పడే భూరి చెడ్డ అలవాటును కూడా పట్టుకుంది, అందుకని మంద రోడ్డు దాటేటప్పుడు రెండింటినీ తాడుకు కట్టమని చెప్పాను. మగపిల్లకు ఆరో నెల వచ్చింది, గొర్రెపిల్లల ఉన్ని లాగుతోందట. పోయిన వారం కాపరి ఫోన్ చేసి నన్ను సలహా అడగలేదు. తేలిక గుదికర్ర చెక్కి కట్టానని చెప్పి, నట్టల మందు ఎప్పుడు తెచ్చిస్తారని మాత్రం అడిగాడు.